పడకగదికీ స్నానాలగదికీ మధ్య గోడ లేకుండా కట్టుకోవచ్చా?

ప్రశ్న: కొత్తగూడు

మేము కట్టుకుంటున్న ఇంట్లో పై అంతస్తు పడకగది 14 అడుగులకు 12 అడుగులు, దాన్ని ఆనుకుని వచ్చే స్నానాలగది 9 అడుగులకు 6 అడుగులు. ఈ రెండింటికీ మధ్య గోడా తలుపూ అక్కర్లేదని, షవర్ ఉన్నంత మేర నిలువెత్తు అద్దం పెట్టి మిగిలినదంతా తెరిచి ఉంచితే గది విశాలంగా కనిపిస్తుందని మా డిజైనర్ ప్లాను గీసి ఇచ్చారు. వాష్ బేసిన్ మంచానికి ఎదురుగా వస్తుంది, కమోడ్ మాత్రం నాలుగడుగుల అరగోడ చాటున ఉంటుంది. పెద్ద కిటికీ స్నానాలగది వైపే ఉన్నందువల్ల మధ్యలో గోడ కడితే పడకగదికి ఉదయపు వెలుతురు అందదన్నది ఆయన వాదన, అది నిజమే కూడా.

నా భార్యకు ఈ ప్లాను బాగా నచ్చింది. నాకు మాత్రం మనసొప్పడం లేదు. పెళ్ళయి పదకొండేళ్ళయింది, ఇంకా మన మధ్య దాపరికం ఏమిటని ఆమె అడిగితే నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. అర్ధరాత్రి కడుపు బాగాలేక లేచినప్పుడు మూడు గజాల దూరంలో ఆమె నిద్రపోతూ ఉంటుందన్న ఊహే నన్ను ఇబ్బంది పెడుతోంది. ఏడేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు ఎప్పుడు పడితే అప్పుడు మా గదిలోకి పరుగెత్తుకొస్తారు. ఇది కేవలం నా మొహమాటమా, లేక ప్లానులోనే లోపం ఉందా? ఇలాంటి ఇంట్లో ఉన్నవారు, ఇలాంటివి కట్టినవారు అనుభవంతో చెప్పగలరని అడుగుతున్నాను. వచ్చే వారం మేస్త్రి గోడల పని మొదలుపెడతారు.

సమాధానం: వేకువపిట్ట

మేము దాదాపు ఇదే ప్లానుతో కట్టిన ఇంట్లో నాలుగేళ్ళుగా ఉంటున్నాం కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను. మొదటి ఆరు నెలలూ ఆ గదంటే మాకు ఎంతో ముచ్చటగా ఉండేది. ఆ తర్వాత ఒక్కొక్కటీ బయటపడింది. నేను ఐదింటికే లేచే మనిషిని, మావారు రాత్రి ఆలస్యంగా పడుకుంటారు. నేను దీపం వేస్తే ఆయన కళ్ళమీద పడుతుంది, కుళాయి తిప్పితే ఆయనకు మెలకువ వస్తుంది. చీకట్లోనే పళ్ళు తోముకోవడం అలవాటు చేసుకున్నాను. వేడినీళ్ళ స్నానాల చెమ్మ ఎక్కడికి పోతోందో చాలాకాలం గమనించనే లేదు. ఒకరోజు బట్టల అలమర వెనుక పలక మీద నల్లటి బూజు కనిపించింది, తోలు బెల్టులన్నీ పాడైపోయాయి.

అయితే అసలు సంగతి అది కాదు. మావారు చెప్పాపెట్టకుండా కింద అంతస్తులోని పాత మరుగుదొడ్డికి వెళ్ళడం మొదలుపెట్టారని నాకు తెలియడానికి ఏడాది పట్టింది. ఎందుకని అడిగితే, నువ్వు గదిలో ఉన్నావని తెలిసినప్పుడు నాకు వీలుపడదు అన్నారు. నిజం చెప్పాలంటే నాదీ అదే పరిస్థితి, నేను ఆయన నిద్రపోయేదాకా కాచుకుని ఉండేదాన్ని. ఇద్దరమూ ఒకరికి తెలియకుండా ఒకరం ఇబ్బంది పడ్డాం. చివరికి కమోడ్ చుట్టూ పైకప్పు దాకా గోడ కట్టించి తలుపు పెట్టించాం. షవర్‌నూ వాష్ బేసిన్‌నూ మాత్రం అలాగే తెరిచి ఉంచాం, వాటితో ఇప్పుడు పెద్దగా ఇబ్బంది లేదు.

మీ శ్రీమతిగారి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది: దాపరికం వేరు, మరుగు వేరు. దాపరికం ఒక విషయాన్ని ఎదుటివారికి తెలియనివ్వదు. మరుగు అలాంటిది కాదు, అందరికీ తెలిసిన పనినే ఎవరి కళ్ళూ చెవులూ మన మీద లేకుండా చేసుకునే వీలు అది. మన భాషలో మరుగుదొడ్డి అన్న మాట ఊరికే పుట్టలేదు.

సమాధానం: గీతలూ కొలతలూ

నేను ఇరవై ఏళ్ళుగా ఇళ్ళ ప్లాన్లు గీస్తున్నాను. మీ డిజైనర్ వెలుతురు గురించి చెప్పినది సరైనదే కానీ, వెలుతురు కోసం మరుగును వదులుకోవలసిన అవసరం లేదు. గోడను ఏడడుగుల ఎత్తు వరకు కట్టి, అక్కడినుంచి పైకప్పు దాకా అద్దం బిగిస్తే కిటికీ వెలుతురు పడకగదిలోకి వస్తుంది, చూపు మాత్రం దాటదు.

అరగోడ కంటికి అడ్డుపడుతుంది, శబ్దాన్ని ఆపలేదు. సిమెంటు పూసిన నాలుగంగుళాల ఇటుక గోడ శబ్దాన్ని సుమారు 40 డెసిబెల్స్ తగ్గించగలదు, కానీ ఆ గోడ వైశాల్యంలో నూటికి ఒక వంతు రంధ్రం ఉంటే చాలు, మొత్తం తగ్గింపు 20 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతుంది. నూటికి ఒక వంతుకే అంత నష్టం ఉన్నప్పుడు, నాలుగడుగుల పైన అంతా ఖాళీగా వదిలేస్తే ఏమాత్రం అడ్డు ఉంటుందో మీరే ఆలోచించండి.

అద్దం విషయంలోనూ కొంత జాగ్రత్త అవసరం. గరుకు అద్దం వెనుక దీపం వెలిగితే మనిషి నీడ కనిపిస్తుంది, అద్దానికి దగ్గరగా నిలబడినకొద్దీ ఆ నీడ స్పష్టమవుతుంది. గరుకు వైపు తడిస్తే అద్దం ఇంకా పారదర్శకమవుతుంది, కనుక ఆ వైపును నీళ్ళు పడని పక్కకు తిప్పి బిగించమనండి. మీట నొక్కితే మసకబారే అద్దాలు కూడా ఉన్నాయి. వాటిలో ఎక్కువగా వాడే రకం కరెంటు ఉన్నప్పుడు పారదర్శకంగా, లేనప్పుడు మసకగా ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా మరుగు పోదు. కానీ శబ్దం, వాసన విషయంలో అవీ చేసేదేమీ లేదు.

మీ 9 అడుగుల పొడవులో 3 అడుగులు కమోడ్ గదికి ఇస్తే, గోడ మందం పోగా స్నానానికీ బేసిన్‌కూ ఇంచుమించు అయిదున్నర అడుగుల పొడవు మిగులుతుంది, అది సరిపోతుంది. కమోడ్ గది తలుపు బయటికి తెరుచుకోవాలి, ఎందుకంటే లోపల ఎవరైనా కళ్ళు తిరిగి పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపుకు వారి శరీరమే అడ్డమవుతుంది. గోడను తర్వాతైనా కట్టుకోవచ్చు కానీ నాలుగంగుళాల మలినపు గొట్టం చోటును తర్వాత మార్చడం చాలా కష్టం, కనుక కమోడ్ ఎక్కడ ఉండాలో ఈ వారమే తేల్చుకోండి.

సమాధానం: తీగలూ గొట్టాలూ

పై సమాధానాలతో ఏకీభవిస్తూ, నా పనికి సంబంధించిన మూడు సంగతులు చెబుతాను. మొదటిది కరెంటు. కరెంటు పనులకు అంతర్జాతీయ సంస్థ ఐఈసీ పెట్టిన 60364-7-701 ప్రమాణం షవర్ చుట్టూ ఉన్న చోటును మండలాలుగా విభజిస్తుంది. అడుగున నీళ్ళు పట్టే తొట్టి లేని షవర్ అయితే నీరు వచ్చే చోటినుంచి 1.2 మీటర్ల వరకు, నేలనుంచి 2.25 మీటర్ల ఎత్తు వరకు మామూలు ప్లగ్ పాయింట్లూ స్విచ్చులూ ఉండకూడదు. గోడ ఉంటే ఆ హద్దు అక్కడే తెగుతుంది. గోడ తీసేస్తే మాత్రం మంచం పక్కన ఫోన్ చార్జర్ పెట్టుకునే పాయింటు ఆ కొలతలోకి వస్తుందేమో టేపు పట్టి చూడాలి. ఆ గది లైన్లన్నింటికీ 30 మిల్లీయాంపియర్ల లీకేజీకే తెగిపోయే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్చు) తప్పనిసరిగా పెట్టించండి.

రెండోది చెమ్మ. తెరిచి ఉన్న గదిలో బేసిన్ మీది ముఖం చూసుకునే అద్దం మసకబారదు కాబట్టి చెమ్మ లేదని అందరూ అనుకుంటారు, నిజానికి అది పెద్ద గదిలోకి పరచుకుంటుంది. 25 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 23 గ్రాముల నీటిఆవిరినే మోయగలదు, అలమర వెనుక చల్లగా ఉన్న గోడను తాకితే అది అంతకూడా మోయలేక నీరుగా మారుతుంది. వేకువపిట్ట గారి బెల్టులకు పట్టిన బూజు అలా వచ్చినదే. అమెరికా ఇంజనీర్ల సంఘం ఆష్రే పెట్టిన 62.2 ప్రమాణం స్నానాలగదికి, కావలసినప్పుడు వేసుకునే ఫ్యానైతే నిమిషానికి 50 ఘనపుటడుగుల గాలిని, ఎప్పుడూ తిరిగే ఫ్యానైతే 20 ఘనపుటడుగుల గాలిని బయటికి పంపాలంటుంది. ఫ్యాను షవర్‌కు పైనే ఉండాలి, దాని గొట్టం ఆరుబయటికి తెరుచుకోవాలి.

మూడోది మీరు అడగకపోయినా చెప్పవలసినది. 2022లో కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్ ప్రాంగణంలోని ఇంజనీర్లు మూతలేని కమోడ్ మీద పచ్చని లేజర్ కాంతి వేసి ఫ్లష్ చేసి చూస్తే, కంటికి కనిపించని తుంపరలు ఎనిమిది సెకన్లలో కమోడ్‌కు దాదాపు 1.5 మీటర్ల పైకి లేచాయి. మీ అరగోడ ఎత్తు నేలనుంచి కొలిచినా 1.2 మీటర్లే. మంచం ఉన్న గదిలో కమోడ్‌ను తెరిచి ఉంచవద్దనడానికి ఈ ఒక్క కారణమే నాకు చాలు.

సమాధానం: అమ్మకు తోడు

ఇక్కడ అందరూ తలుపులే కోరుతున్నారు కనుక రెండోవైపు మాట కూడా చెప్పాలనిపించింది. మా అమ్మ చక్రాల కుర్చీకి పరిమితమైనప్పుడు మా స్నానాలగదికి ఉన్న రెండడుగుల తలుపే మాకు పెద్ద శత్రువైంది. గడప తీసేసి, గోడ పగలగొట్టి, నేలను ఒకే వాటంలో వేయించి అంతా తెరిచాక గానీ ఆమెకు సుఖంగా స్నానం చేయించలేకపోయాం. కుర్చీ తిరగడానికి ఐదడుగుల వ్యాసం ఖాళీ కావాలి, మూడడుగుల కమోడ్ గదిలో అది కుదరదు. అయినా ఒక్క మాట దాచకుండా చెబుతాను. నేనే ఎత్తి కూర్చోబెట్టే రోజుల్లో కూడా అమ్మ, కాసేపు అటు తిరుగమ్మా అనేది. ఆమె కోసం పైకప్పునుంచి మందపాటి తెర వేలాడదీశాను. ఆ తెర పడితే గానీ ఆమె భుజాలు సడలేవి కావు.

కొత్తగూడు:

అందరికీ కృతజ్ఞతలు. ఈ సమాధానాలన్నీ ఇద్దరం కలిసి చదివాం. తనకు కావలసినది లేవగానే కనిపించే ఆ వెలుతురే కానీ తెరిచి ఉన్న కమోడ్ కాదని నా భార్య అంది. ఆ సంగతి నేను ముందే అడగవలసింది. కమోడ్‌కు విడిగా గది, పడకగది వైపు ఏడడుగుల గోడ, దానిపైన అద్దం, షవర్‌కూ బేసిన్‌కూ మధ్య అడ్డు లేకుండా అని నిర్ణయించుకున్నాం. రెండు సందేహాలు మిగిలాయి. చోటు కలిసివస్తుందని కమోడ్ గదికి పక్కకు జరిపే తలుపు పెట్టవచ్చా? పెద్దయ్యాక మాకే చక్రాల కుర్చీ అవసరమైతే ఏం చేయాలి?

గీతలూ కొలతలూ:

జరిపే తలుపు గోడకు ఆనుకోకుండా వేలాడుతుంది కనుక చుట్టూ ఉన్న సందులోంచి శబ్దమంతా బయటికి వస్తుంది. కీలు తలుపే పెట్టి, చౌకట్టుకు రబ్బరు పట్టీ వేయించండి, అది బేసిన్ వైపు తెరుచుకునేలా చూడండి. కింద గాలి కోసం అర అంగుళం వదలక తప్పదు, ఆ మేరకు కొంత శబ్దం వస్తుంది.

ఇక రెండోదానికి, కమోడ్ గదికీ స్నానపు చోటుకూ మధ్య వచ్చే అడ్డును ఇటుకతో కట్టవద్దు. వాటర్‌ప్రూఫింగ్‌నూ టైల్స్‌నూ ముందుగా గది మొత్తానికీ ఒకే పరుపుగా వేయించి, ఆ తర్వాత వాటిమీద తడికి తట్టుకునే బోర్డుతో తేలికపాటి అడ్డు నిలబెట్టించండి, రెండు బోర్డుల మధ్య రాతిఉన్ని (రాక్‌వూల్) నింపిస్తే శబ్దమూ ఆగుతుంది. అడ్డు అడుగుపట్టీని టైల్స్‌కు మేకులు కొట్టకుండా జిగురుతో అతికించమనండి. ఎప్పుడైనా తీసేయవలసి వస్తే ఒక్కరోజులో తీసేయవచ్చు, కింద వాటర్‌ప్రూఫింగ్ చెక్కుచెదరదు.