వాడిన గిటార్ కొంటున్నాను, ట్రెమొలో బ్రిడ్జ్ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

ఆరుతీగలు:
స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) నమూనా గిటార్ ఒకటి బేరానికి వచ్చింది. తీగలు ఆనే బ్రిడ్జ్ రెండు చిన్న స్తంభాల మీద నిలిచి, బార్ అనే కడ్డీతో ఊపితే శ్రుతిని కదిలించే ట్రెమొలో. బార్ కిందికి నొక్కి వదిలిన ప్రతిసారీ మూడో తీగ శ్రుతి కాస్త పైనే ఆగిపోతోంది. బ్రిడ్జ్ నాసిరకమా? డబ్బు ఇచ్చేలోపు ఏమేం చూసుకోవాలి?

పెళ్లిబ్యాండు:
ట్రెమొలో జోలికే పోకండి. చవితి పందిట్లో పాట సగంలో ఉండగా నాకు ఒక తీగ తెగింది. కదలని బ్రిడ్జ్ అయితే మిగిలిన అయిదింటితో నెట్టుకొచ్చేవాణ్ణి. వెనక స్ప్రింగులు బ్రిడ్జ్‌ను లాగేయడంతో అయిదూ శ్రుతి తప్పి పైకి పోయాయి. ఆ రాత్రే చెక్కముక్క దూర్చి బ్రిడ్జ్‌ను కదలకుండా చేశాను. మూడేళ్లయింది, మళ్లీ తీయలేదు.

లోహపరీక్ష:
గిటార్ వెనక మూత తీసి, బ్రిడ్జ్ కింద లోపలికి దిగే లోహపు దిమ్మ, అంటే బ్లాక్‌కు అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఉక్కు. అంటుకోకపోతే చవక జింకు, ఆ గిటార్ వద్దు.

రిపేరుబల్ల:
ఇరవై రెండేళ్లుగా గిటార్లు బాగుచేస్తున్నాను, ఇలాంటి సలహాలు చూస్తే ఒళ్లు మండుతుంది. ఇత్తడి బ్లాక్‌కూ అయస్కాంతం అంటుకోదు. దాన్నీ పారేస్తారా? పైగా బ్లాక్ బరువు గిటార్ మోగే తీరును మారుస్తుందేమో గాని, శ్రుతి నిలవడానికి దానితో పని లేదు.

లోహపరీక్ష:
బ్లాక్‌లో ఆదా చేసినవాడు మిగతా భాగాల్లో ఆదా చేయకుండా ఉంటాడా? నేను చెప్పింది అది. మీ అనుభవం మీద గౌరవం ఉంది, కానీ మాట పూర్తిగా వినండి.

రిపేరుబల్ల:
అయితే ఆ మిగతా భాగాన్నే చూడమనండి. బ్రిడ్జ్ పలక స్తంభానికి ఆనే చోట కత్తి అంచులాంటిది ఉంటుంది. ఫోను టార్చ్ వేసి, భూతద్దంతో చూడండి. సన్నగా, తిన్నగా ఉండాలి. మెత్తని లోహమైతే అక్కడ చిన్న నొక్కు పడుతుంది, బ్రిడ్జ్ ఒక్కోసారి ఒక్కో చోట ఆగుతుంది. తీగలు బిగువుగా ఉండగా స్తంభాల ఎత్తు తిప్పితే మంచి అంచు కూడా అలాగే పాడవుతుంది.

పాతస్ట్రాట్:
ముందు పేరు సరిచేసుకోండి. శ్రుతిని కదిలించేది వైబ్రాటో, ధ్వని తీవ్రతను కదిలించేది ట్రెమొలో. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చినప్పుడు ఫెండర్ పెట్టిన తప్పుడు పేరునే ఇప్పటికీ మోస్తున్నాం.

పెళ్లిబ్యాండు:
డెబ్బై ఏళ్లుగా అందరూ అంటున్న పేరు అది. ఆయన అడిగింది వేరు.

గమకప్రియ:
నా కష్టం వేరు. గిటార్ మీద కర్ణాటక సంగీతం వాయిస్తాను. తీగల లాగుడుకూ స్ప్రింగుల లాగుడుకూ మధ్య తేలే బ్రిడ్జ్ మీద ఒక తీగను లాగి గమకం పలికిస్తే, బ్రిడ్జ్ ముందుకు వంగి మిగతా తీగలు దిగిపోతాయి. పక్కన మోగుతున్న షడ్జమే కదిలిపోతే రాగం ఎక్కడ నిలుస్తుంది? పెళ్లిబ్యాండు గారూ, ఆ చెక్కముక్క ఏ వైపు పెట్టారు?

తాళంనట్:
అందరూ ఫ్లాయిడ్ రోజ్ పద్ధతికి రండి. తీగను మెడ పై చివర ఉండే నట్ దగ్గరా బ్రిడ్జ్ దగ్గరా బిగించేస్తుంది. గంటసేపు బార్ ఊపినా నా శ్రుతి చెక్కుచెదరదు.

రిపేరుబల్ల:
అసలైనదైతే నిజమే. మెత్తని లోహంతో చేసిన నకలుకు ఎన్ని తాళాలు వేసినా అంచు అరిగిపోతుంది.
ఆరుతీగలు గారూ, మీ మూడో తీగ సంగతి బ్రిడ్జ్‌ది కాకపోవచ్చు. బార్ నొక్కినప్పుడు తీగ నట్ గాడిలోంచి బిరడాల వైపు జారుతుంది, వదిలాక వెనక్కి రాకుండా ఇరుక్కుంటుంది. అందుకే శ్రుతి పైన ఆగుతుంది. బిరడా తిప్పుతుంటే నట్ దగ్గర టింగుమని వినిపిస్తుందా?

ఆరుతీగలు:
వినిపిస్తోందండీ! పెన్సిల్ ములుకు గీకి ఆ పొడి గాడిలో వేశాను. నాలుగుసార్లు నొక్కి వదిలితే మూడుసార్లు సరిగ్గా వచ్చింది. రేపు భూతద్దం తీసుకుని వెళ్తున్నాను.

పెళ్లిబ్యాండు:
గమకప్రియ గారూ, రెండు వైపులా పెట్టాలి. బ్లాక్‌కూ స్ప్రింగుల వైపు గోడకూ మధ్య ఒకటి, ఎదురుగా మరొకటి. ఒక వైపే పెడితే తీగ లాగినప్పుడో తెగినప్పుడో మళ్లీ కదులుతుంది.