"చౌకగా, నొ..." తర్వాత ఏముంది?

నీలిపెన్సిల్: ఫ్రెంచి స్వరకర్త ఎరిక్ సాతీ జిమ్నోపెదీలని మూడు పియానో ముక్కలు రాశాడు, వాటిలో మొదటిదాని నొటేషన్ జిరాక్స్ ఒకటి నా దగ్గర చాలా ఏళ్లుగా ఉంది. పైన అచ్చులో "లాన్ ఎ దులూరో" (ఫ్రెంచిలో నెమ్మదిగా, బాధతో) అని ఉంటే, దాని కింద మా పియానో టీచరు పెన్సిల్‌తో తెలుగులో రాశారు. "చౌకగా, నొ" వరకు బాగానే కనబడుతోంది (చౌక అంటే ఇక్కడ ధర కాదు, సంగీతంలో నిదానపు నడక), ఆ తర్వాతి వత్తక్షరం చెరిగిపోయింది. "నొప్పిగా" అని లీలగా గుర్తు. కానీ ఆవిడ నోట ఆ మాట ఎప్పుడూ విన్నట్టు లేదు. అడుగుదామంటే ఇప్పుడు ఆవిడ లేరు. ఏమై ఉంటుందంటారు?

తాళపత్రం: నొప్పిగా అయ్యుండదండీ. నొప్పి పంటికి, నడుముకి. మనసైతే నొచ్చుకుంటుంది. "నొచ్చుకుంటూ" అని రాసి ఉంటారు.

మూడోకాలం: సుమతి శతకం మర్చిపోతే ఎలా? "అన్యుల మనముల్ నొప్పింపక" అన్నాడు కదా, అక్కడ నొచ్చేది మనసే. పైగా ఆ ఫ్రెంచి మాటని వాళ్లూ ఒంటికీ మనసుకీ రెండింటికీ వాడతారు. నా ఓటు నొప్పికే.

తాళపత్రం: అది నొప్పించడం, ఒకరు ఇంకొకరికి చేసేది. ఇక్కడ ఎవరు ఎవరిని నొప్పిస్తున్నారు? అదే పద్యంలో వెంటనే "తానొవ్వక", అంటే తాను బాధపడకుండా, అని ఉంది, దాన్నెందుకు వదిలేశారు?

గాలిమేడ: ఇంత గొడవెందుకు, "చౌకగా, దుఃఖంగా" అంటే సరిపోదా?

మూడోకాలం: సరిపోదు. 1888 నాటి ఈ మూడు ముక్కల్లోనూ మొదటి మాట లాన్ అనే ఉంటుంది, రెండో మాటే మారుతుంది. మొదటిదానికి దులూరో, రెండోదానికి త్రిస్త్ (దుఃఖంగా), మూడోదానికి గ్రావ్ (గంభీరంగా). దుఃఖాన్ని మొదటిదానికే ఖర్చు పెట్టేస్తే రెండోదానికి ఏం మిగులుతుంది? ఆయన వేరు చేసిన మాటల్ని మనం కలిపేయకూడదు.

చౌకవర్ణం: అందరూ రెండో మాట మీద పడ్డారు గానీ నన్నడిగితే ఆ టీచరు ప్రతిభంతా మొదటి మాటలోనే ఉంది. నెమ్మదిగా అనలేదు, విలంబంగా అనలేదు, చౌకగా అన్నారు. అంటే ఆవిడకి చౌకకాలం తెలుసు, స్వరానికీ స్వరానికీ మధ్య జాగా పెంచి ఆ జాగాని కూడా పాడించడం తెలుసు. ఈ ముక్కలో ఎడమ చెయ్యి చేసేది అదే. మొదటి దెబ్బకి కింద ఒక్క స్వరం, రెండో దెబ్బకి పైన స్వరాల గుత్తి, మూడో దెబ్బకి ఏమీ లేదు, ఆ గుత్తే మోగుతూ ఉంటుంది. మూడో దెబ్బ దగ్గర తొందరపడితే మామూలు వాల్ట్జ్ నాట్యం పాట అయిపోతుంది.

రెండుశ్రుతి: ఇక్కడ నాకెప్పుడూ అర్థం కానిది ఒకటుంది. ఇది డీ మేజర్, అంటే మన లెక్కలో శ్రుతి రెండు, మేళం శంకరాభరణం. మూడింటిలో దిగులు పలికే మైనర్‌లో ఉన్నది మూడోదొక్కటే, ఏ మైనర్. నిండుగా వెలుగున్న మేళానికి పైన బాధ అని ఎందుకు రాసినట్టు? వాయించి చూస్తే గానీ జవాబు దొరకలేదు. రెండో గుత్తికి కింద షడ్జం (స) మోగుతూనే ఉంటుంది, పైన కాకలి నిషాదం (స కి అరమెట్టు కింది ని) వచ్చి చేరుతుంది. షడ్జం దాకా వెళ్లకుండా పక్కనే నిలబడిపోతుంది. అది ఏడుపు కాదు, పట్టుకుంటే తెలిసే నొప్పి. ముగింపులో అంతర గాంధారం పోయి, దానికి అరమెట్టు కిందిదైన సాధారణ గాంధారం వస్తుంది, చివరి గుత్తి డీ మైనర్. పైన రాసిన మాట అక్కడికి వచ్చాకే పూర్తిగా నిజమవుతుంది.

గాలిమేడ: అయితే "బాధగా" అనొచ్చుగా? తెలుగులో బాధ అంటే కృష్ణశాస్త్రే. మహాప్రస్థానానికి రాసిన యోగ్యతాపత్రంలో చలం ఆయన బాధనీ శ్రీశ్రీ బాధనీ పక్కపక్కన పెట్టి చెప్పిన మాట గుర్తుందా?

తాళపత్రం: గుర్తులేకేం! కానీ కృష్ణశాస్త్రి బాధ తనని తాను చూసుకుంటుంది, ఆ బాధకి ఒక సొగసు ఉంటుంది, అందుకే ఆయనంటే నాకు ప్రాణం. ఈ ముక్క తనని తాను చూసుకోదు. అయినా అక్కడున్నది "నొ" అండీ, "బా" కాదు.

మూడోకాలం: సాతీ స్నేహితుడైన స్వరకర్త డెబుస్సీ వీటిలో మొదటిదీ మూడోదీ ఆర్కెస్ట్రాకి మలిచాడు, త్రిస్త్‌ని వదిలేశాడు. ఎందుకో ఎప్పుడూ అనిపిస్తుంది.

చౌకవర్ణం: నీలిపెన్సిల్ గారూ, ఒక్కటి చూసి చెప్పండి. ఆ వత్తు అక్షరానికి కుడి పక్కన ఉందా, అడుగున ఉందా? పావత్తు పక్కకి వస్తుంది, చావత్తూ వావత్తూ కిందకి వస్తాయి. ఊహలు మానేసి కాగితం చూద్దాం.

నీలిపెన్సిల్: ఇప్పుడే దీపం కింద పెట్టి చూశాను. వత్తు అడుగున ఉంది. అక్షరం మాత్రం "చ" కాదు, "ప" లాగో "వ" లాగో ఉంది.

తాళపత్రం: అయితే నొవ్వు! నేను చెప్పిన మాట కాకపోయినా ఆ పద్యంలో నేను చూపించినదే. "చౌకగా, నొవ్వుతూ" అయ్యుంటుంది.

రెండుశ్రుతి: లేదా "నొవ్వక". సుమతి శతకంలో బద్దెన వాడింది ఆ రూపమే కదా. అదే అయితే అర్థం తలకిందులవుతుంది. అచ్చులో ఉన్నది బాధ, ఆవిడ విద్యార్థికి చెప్పింది బాధ పైకి కనబడనివ్వద్దని. వాయించేవాళ్లకి కావలసింది రెండోదే అనిపిస్తోంది నాకు.

మూడోకాలం: అంత దూరం వెళ్లకండి, టీచర్లు అనువాదమే రాస్తారు.

నీలిపెన్సిల్: చివరక్షరం మీద కాగితం మడత పడింది. అక్కడ దీర్ఘం ఉన్నట్టే ఉంది గానీ అది గీతో మడతో తేలడం లేదు. అయితే ఒకటి గుర్తొచ్చింది. పాట మొదలయ్యే అయిదో బార్ దగ్గర ఆవిడ నా మణికట్టు కింద వేలు పెట్టి పైకి ఎత్తేవారు, "బరువు వెయ్యకు" అనేవారు.