చేపలు హుషారుగానే ఉన్నాయి, నత్తలూ రొయ్యలూ చచ్చిపోతున్నాయి: మెరైన్ ట్యాంకులో ఏం కలిసింది?

ప్రశ్న (కొండాపూర్, హైదరాబాద్):
200 లీటర్ల మెరైన్ ట్యాంకు (ఉప్పునీటి అక్వేరియం), పెట్టి ఏడాదిన్నర అయింది. రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప, మెత్తటి పగడాల రకాల్లో జోవాలు, మష్రూమ్‌లు, ఒక లెదర్ కోరల్ ఉన్నాయి. రాతి పగడాల జోలికి పోలేదు, అవి వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 కదా. ఈ నెలలో నాలుగు టర్బో నత్తలు పోయాయి. మొన్న క్లీనర్ ష్రింప్ అనే రొయ్య కుబుసం విడుస్తూ సగంలోనే చచ్చింది. జోవాలు పది రోజులుగా ముడుచుకునే ఉన్నాయి. చేపలు మాత్రం మేత వేస్తే ఎగబడుతున్నాయి.

పరీక్షల్లో అన్నీ మామూలే: సాలినిటీ 1.025, అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 10, ఆల్కలినిటీ 8.3, కాల్షియం 420, వేడి 26 డిగ్రీలు. షాపాయన ఉప్పు మార్చమంటే అదీ మార్చాను. వారం వారం 20 లీటర్ల నీళ్లు మారుస్తున్నా. మార్చిన మర్నాడు జోవాలు ఇంకా ముడుచుకుంటున్నాయి. ఎక్కడ వెతకాలి?

జవాబు (డాలస్):
మా ఊళ్లో కుళాయి నీళ్లలో క్రిములను చంపడానికి కలిపే క్లోరమైన్ ఉంటుంది. కార్బన్ ఫిల్టర్ అయిపోతే అది దాటి వచ్చేస్తుంది. మీ దగ్గర కార్బన్ ఎప్పుడు మార్చారు?

జవాబు (విశాఖ):
డాలస్ అన్న చెప్పిందీ చూడండి కానీ, క్లోరమైన్ అయితే చేపలు కూడా పైకొచ్చి గుటకలు వేస్తాయి. ఇక్కడ చేపలకు ఏమీ కాలేదు, వెన్నెముక లేని ప్రాణులే పోతున్నాయి. ఈ తేడా చూడగానే నాకు రాగి మీద అనుమానం వస్తుంది, ఆ తర్వాత పురుగుమందు మీద.

ఇంకో ఆనవాలు మీరే చెప్పారు. నీళ్లు మారిస్తే తేరుకోవాల్సింది పోయి ముడుచుకుంటున్నాయంటే, మురికి ట్యాంకులో పుట్టడం లేదు, కొత్త నీళ్లతో వస్తోంది. అయినా ఒకసారి చెయ్యి పెట్టి అద్దం గీకే అయస్కాంతం, వేవ్‌మేకర్ (నీళ్లను కదిలించే పంపు) అయస్కాంతం తీసి చూడండి. ప్లాస్టిక్ పగిలి లోపల తుప్పు పట్టిందేమో. హీటర్ గాజుకు బీట, సంప్ (ట్యాంకు కింది ఫిల్టర్ తొట్టి) మీద స్టీలు క్లిప్పులు కూడా. ఇదంతా పది నిమిషాల పని.

అసలు ప్రశ్న: ఉప్పు కలిపే నీళ్లు, ఆవిరైనప్పుడు పోసే నీళ్లు ఎక్కడివి?

అడిగినవారు:
అయస్కాంతాలు శుభ్రంగా ఉన్నాయి, హీటర్ బాగుంది. నీళ్లు వంటింటి ఆర్వోవే. రెండు నెలల క్రితం పాతది పాడైతే కొత్తది పెట్టించాం. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) 45 చూపిస్తోంది, పాతదాంట్లో 30 ఉండేది. పెద్ద తేడా లేదనుకున్నా.

జవాబు (విశాఖ):
కొత్తదాని పెట్టె మీద ఏం రాసుంది? మినరల్, ఆల్కలైన్, కాపర్... ఇలాంటి మాటలేమైనా?

అడిగినవారు:
అయ్యో. "కాపర్" అనే ఉంది సార్. రాగి చెంబులో నీళ్లంత మంచిదని అమ్మ ఏరికోరి తీసుకుంది.

జవాబు (విశాఖ):
దొరికిందనే అనుకుంటున్నా. అమ్మగారి తప్పేం లేదు, మనుషులకు అది మంచినీళ్లే. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో లీటరుకు 0.05 మిల్లీగ్రాముల రాగి వరకు మేలు, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా పర్లేదు. సముద్రం నడిమధ్యలో మాత్రం లీటరుకు ఒక మైక్రోగ్రాము కూడా ఉండదు. నత్త, రొయ్య ఆ నీళ్లకు పుట్టినవి. విచిత్రమేమంటే వాటి రక్తంలో ఆక్సిజన్ మోసే పదార్థంలోనే రాగి ఉంటుంది, అయినా నీళ్లలో కాస్త ఎక్కువైతే తట్టుకోలేవు.

లెక్క చూడండి. మీ ఆర్వో నీళ్లలో లీటరుకు 0.3 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. రోజుకు 3 లీటర్లు ఆవిరవుతాయి, మీరు 3 లీటర్లు పోస్తారు. నీరు పోతుంది, రాగి పోదు. రోజుకు 0.9 మిల్లీగ్రాములు లోపలే మిగులుతుంది. రాళ్లూ ఇసుకా తీసేస్తే మీ ట్యాంకులో అసలు నీళ్లు 180 లీటర్లు. నెలకు లీటరుకు 0.15 మిల్లీగ్రాములు పేరుకుంటుంది. చేపలకు తెల్లమచ్చలు వస్తే కాపర్ మందు వేసే మోతాదు దాదాపు అంతే! మీకు తెలియకుండానే ట్యాంకంతటికీ వైద్యం చేస్తున్నారు. ఆ మోతాదును చేపలు తట్టుకుంటాయి, అందుకే హుషారుగా ఉన్నాయి.

టీడీఎస్ మీటరు ఎంత ఉందో చెబుతుంది కానీ ఏముందో చెప్పదు. 0.3 రాగికి దాని ముల్లు కదలదు కూడా.

కాపర్ టెస్ట్ కిట్ తెచ్చి ముందు ఆర్వో నీళ్లే పరీక్షించండి. ట్యాంకు నీళ్లలో సున్నా వచ్చినా నమ్మకండి, రాగి చాలావరకు లైవ్ రాక్‌లోకి (ట్యాంకులోని సముద్రపు రాళ్లలోకి), ఇసుకలోకి ఇంకిపోతుంది.

జవాబు (గుంటూరు):
మధ్యలో దూరుతున్నా. మా ఇంట్లో ఇలాగే రొయ్యలు పోతే కారణం దోమల మందు మెషిన్ అని తేలింది. ట్యాంకు పక్క ప్లగ్గులోనే పెట్టాం, స్కిమ్మర్ (గాలి బుడగలతో మురికి తీసే పరికరం) ఆ గాలినే లాగేది. అదీ చూసుకోండి.

అడిగినవారు:
దోమల మందు పడకగదిలో ఉంది, దూరమే. కిట్ వచ్చింది. ఆర్వో నీళ్లలో రంగు తేలింది, కార్డు మీద 0.25 దగ్గర. ట్యాంకులో మాత్రం ఉందా లేదా అన్నట్టుంది. ఇప్పుడేం చెయ్యను? ట్యాంకంతా ఖాళీ చేయాలా?

జవాబు (విశాఖ):
వద్దు. ముందు ఆ ఆర్వో నీళ్లు ఆపండి. వేరే ఆర్వో, దాని తర్వాత డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను పట్టేసే ఫిల్టర్) పెట్టుకునేదాకా డీమినరలైజ్డ్ వాటర్ క్యాన్లు కొనండి. బ్యాటరీ నీళ్లని అమ్ముతారే, అవే. యాసిడ్ క్యాన్ మాత్రం తెచ్చుకోకండి. టీడీఎస్ సున్నా ఉంటేనే పోయండి. ఆ నీళ్లతో ఉప్పు కలిపి మూడు రోజులకోసారి నాలుగో వంతు మార్చండి. మూడుసార్లకు నీళ్లలోది సగానికి కిందికి వస్తుంది. సంప్‌లో కొత్త యాక్టివేటెడ్ కార్బన్, పాలీ ఫిల్టర్ (లోహాలను పీల్చుకునే ప్యాడ్) ముక్క ఒకటి పెట్టండి. రాగి పట్టుకుంటే ఆ ముక్క నీలంగా మారుతుంది, మీకు సాక్ష్యం కూడా. రాళ్లు ఇంకించుకున్నది మెల్లగా మళ్లీ వదులుతాయి కాబట్టి కొన్ని నెలలు పాలీ ఫిల్టర్ తీయకండి. నత్తలను ఇప్పుడే కొనొద్దు.

అడిగినవారు (మూడు వారాల తర్వాత):
పాలీ ఫిల్టర్ ముక్క నాలుగో రోజుకే అంచుల్లో నీలం. ఇప్పుడు రెండోది పెట్టాను. పదిహేనో రోజున జోవాలు సగం విప్పాయి, నిన్నటికి దాదాపు అన్నీ. లెదర్ పై పొర ఒలుచుకుంది, ఇంకా విప్పలేదు. అమ్మ ఆర్వో వంటింట్లోనే ఉంది, ట్యాంకు క్యాన్లు బాల్కనీలో పెట్టాను. ఒక సందేహం: ఒక్క చిన్న నత్తను తెచ్చి పరీక్షగా వేయొచ్చా?

జవాబు (విశాఖ):
ఇంకో నెల ఆగండి. రెండో ముక్క రంగు మారకుండా ఉంటే అప్పుడు ఒక్కటి.