«చేయడం జరుగుతుంది» అన్నప్పుడు చేసేది ఎవరు?

మిత్రులకు నమస్కారం. «చేయడం జరుగుతుంది» అన్న ప్రయోగం వ్యాకరణసమ్మతమా కాదా అని ఇక్కడ చర్చ నడుస్తోంది. ఆ సంగతి పెద్దలు తేలుస్తారు. నేను చెప్పదలచినది ఒక్కటే: రాజకీయ ప్రసంగంలో ఆ మాట దొర్లిన చోటల్లా ప్రసంగం బలం సన్నగిల్లుతుంది.

«హంద్రీ-నీవా కాలువ పనులను త్వరితగతిన పూర్తి చేయడం జరుగుతుంది» అని వేదిక మీద ఒక నాయకుడు అన్నాడనుకుందాం. ఎవరు పూర్తి చేస్తారు, ఎప్పటిలోగా చేస్తారు, నీళ్లు ఏ చెరువుకు చేరతాయి అన్న ప్రశ్నలలో ఒక్కదానికీ ఈ వాక్యంలో జవాబు లేదు కనుక, విన్న రైతు మర్యాదకు చప్పట్లు కొట్టినా, ఊరికి వెళ్లి నలుగురికీ చెప్పడానికి అతని దగ్గర ఏమీ మిగలదు. «వచ్చే ఖరీఫ్ నాటికి మీ చెరువుకు మేము నీళ్లు తెస్తాము» అంటే మాట ఇచ్చినవారెవరో తెలుస్తుంది, గడువు తెలుస్తుంది, రేపు నిలదీసే హక్కు కూడా వినేవారికి దక్కుతుంది. కర్తను దాచే అలవాటు ఇంతగా పాతుకుపోవడానికి ఆ నిలదీతంటే ఉన్న జంకే కారణమని నా అనుమానం.

1983 ఎన్నికలలో ఎన్.టి. రామారావు ఇచ్చిన «కిలో రెండు రూపాయలకు బియ్యం» హామీని గుర్తు చేసుకోండి. అందులో ఒక్క అలంకారం లేదు. పది కిలోలకు ఇరవై రూపాయలని బడి ముఖం చూడని ఇల్లాలు కూడా అక్కడికక్కడే లెక్క కట్టుకోగలిగింది.

అనంతపురంలో గానీ కర్నూలులో గానీ టీఎంసీ ప్రస్తావన లేని సభ అరుదు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. అంకె సరైనదే, కానీ కంటికి ఆనదు. ఆ నీటినే అడుగు లోతున నిలబెడితే దాదాపు 23 వేల ఎకరాలు నిండుతాయని వక్త చెప్పాలి. అనంతపురం ప్రాంతంలో ఏడాది పొడవునా కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు, అంటే రెండడుగుల లోపే. కాబట్టి అడుగు నీరంటే ఏడాది వానలో సగానికి పైమాటే. శెనక్కాయ పంట ఊడలు దిగే వేళ వాన మొహం చాటేయడం చూసిన రైతుకు ఆ అడుగు నీటి విలువను వేరే వివరించనక్కరలేదు.

స్పష్టత అంటే ఆవేశం చంపుకోవడం కాదు. «రతనాల సీమ రాళ్ల సీమ అయింది» అన్న మాట ఒకనాడు గుండెను తాకి ఉంటుంది. ప్రతి సభలోనూ అదే వినిపించడంతో ఇప్పుడు చెవిన పడుతుందే తప్ప లోపలికి దిగదు.

శ్రీబాగ్ ఒడంబడికకూ ఇదే గతి పట్టడం నాకు నిజంగా బాధ కలిగిస్తోంది. «శ్రీబాగ్‌ను అమలు చేయాలి» అన్న నినాదం మారుమోగుతుంది గానీ, 1937 నవంబరు 16న మద్రాసులో కోస్తా, సీమ నాయకులు కలిసి కుదుర్చుకున్న ఆ ఒప్పందంలో ఏముందో చెప్పే వక్తలు తక్కువ. కృష్ణా, తుంగభద్ర, పెన్నా జలాల వినియోగంలో కనీసం పదేళ్లపాటు సీమ అవసరాలకు ప్రాధాన్యం ఇస్తామని, రాజధాని, హైకోర్టులలో ఒకదానిని కోరుకునే అవకాశం సీమకే ఇస్తామని అందులో ఒప్పుకున్నారు. ఈ రెండు షరతులను తేలిక మాటలలో వినిపించి, వాటిలో ఏది నెరవేరింది, ఏది నెరవేరలేదని ముందు వరుసలో కూర్చున్న కాలేజీ పిల్లలనే అడిగితే, ఆ సభకు వేరే నినాదంతో పని ఉండదు.