14 ఏళ్ళకే ఫ్యాక్టరీకెళ్ళిన పిల్లల టీబీ ఎవరు కనిపెట్టేవారు? (బ్రిటన్, రెండో ప్రపంచ యుద్ధం)

సెమినార్ తిప్పలు: అందరికీ నమస్తే, దీని మీదే సెమినార్ పేపర్ రాస్తున్నాను. బ్రిటన్‌లో 1907 చట్టం వచ్చాక బడిపిల్లలకు డాక్టరు పరీక్షలుండేవి, చేరినప్పుడు ఒకసారి, ఎనిమిదేళ్ళప్పుడు, మళ్ళీ పన్నెండుకి. బడి వదిలే వయసు 14. దాన్ని 1939 సెప్టెంబరు 1 నుంచి 15 చేద్దామనుకున్నారు, సరిగ్గా అప్పుడే యుద్ధం వచ్చి ఆగిపోయింది. మరి 14 నిండగానే పనిలో చేరిన పిల్లల్ని ఎవరు చూశారు?

పాత రికార్డులు: పూర్తిగా గాలికొదిలేయలేదండి. 1937 ఫ్యాక్టరీ చట్టం ప్రకారం 16 లోపు వాళ్ళు పనికి తగినవాళ్ళేనని డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి. కానీ తొలిదశ టీబీ స్టెతస్కోపుకి దొరకదు, చాలామందికి దగ్గు కూడా ఉండదు. పైగా అది ఎక్కువగా బయటపడేది 16 దాటాకే, అప్పటికి ఈ పరీక్ష కూడా ఉండదు. 1939లో బాంబు దెబ్బలు తినేవాళ్ళ కోసమని శానటోరియం (టీబీ రోగుల ఆసుపత్రి) పడకలు ఖాళీ చేయించి రోగుల్ని ఇళ్ళకు పంపేశారు, అదే ఇంట్లో చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ పడుకుంటారు కదా! 1940, 41లో టీబీ చావులు పెరిగాయి.

ఎక్స్‌రే గది: 1943లో మాస్ ఎక్స్‌రే మొదలైంది. మెరిసే తెర మీద పడిన ఛాతీ నీడని కెమెరాతో చిన్న ఫిల్మ్ మీదకు తీయడమే. 1936లో బ్రెజిల్ డాక్టరు మాన్యుయెల్ డి అబ్రూ చేసి చూపించిన పద్ధతి. పెద్ద ఫిల్మ్ ఖర్చు తప్పింది కాబట్టి ఫ్యాక్టరీ మొత్తాన్నీ వరసగా నిలబెట్టి తీయగలిగారు. కానీ నా దృష్టిలో అసలు విషయం మెమో 266/టీ, అంటే బ్రిటన్ ఆరోగ్య శాఖ ఇచ్చిన ఉత్తర్వు. పని మాని వైద్యం చేయించుకునేవాళ్ళ కుటుంబానికి భత్యం ఇచ్చారు. అది లేకపోతే జీతం పోతుందని తెలిసి ఎవరు వచ్చి నిలబడతారు?

టీబీ యూనిట్ అక్క: ఇది నిజం. నేను పదకొండేళ్ళు టీబీ యూనిట్‌లో పనిచేశాను. స్పిన్నింగ్ మిల్లులో చేసే పదిహేడేళ్ళ కుర్రాడు తెమడలో రక్తం పడిన చేతిరుమాలు మడిచి టిఫిన్ బాక్సు సంచి అడుగున దాచేవాడు. "అక్కా, ఫోటో తీస్తే రేపట్నుంచి రానివ్వరు" అన్నాడు. వాళ్ళమ్మకి కూడా చెప్పలేదు. మన దగ్గర టీబీ రోగుల తిండి కోసం కేంద్రం పెట్టిన నిక్షయ పోషణ్ పథకం కింద నెలకు 500 ఇవ్వడం 2018లో మొదలైంది, 2024లో 1,000 చేశారు. తిండికి ఆసరా అవుతుంది గానీ పోయిన కూలీకి ఏ మూలకి?

సెమినార్ తిప్పలు: అక్కా, ఆ అబ్బాయి ఇప్పుడెలా ఉన్నాడు? ఇంకో మాట, 266/టీ భత్యం అందరికీ ఇచ్చారా?

ఎక్స్‌రే గది: లేదు. ఊపిరితిత్తుల టీబీకి, అదీ నయమయ్యే ఆశ ఉన్నవాళ్ళకే. ముదిరిపోయినవాళ్ళకీ, ఎముకల టీబీ వాళ్ళకీ పైసా రాలేదు. తిరిగి పనిలోకి వచ్చేవాళ్ళనే చూసుకున్నారు. మీ పేపర్లో ఈ ముక్క తప్పకుండా రాయండి.

టీబీ యూనిట్ అక్క: ఆరు నెలలూ మందులు మింగాడమ్మా, నయమైంది. మిల్లు మానేసి ఆటో నడుపుతున్నాడు.