చర్చ: వెన్నుపాము దెబ్బకి స్టెమ్ సెల్ ఇంజెక్షన్, తోట అమ్మి చేయించాలా?

మహేంద్రతనయ (రాత్రి 8:40)
మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. మా తమ్ముడికి 26 ఏళ్లు. మే నెలలో పనస చెట్టు మీంచి పడ్డాడు. విశాఖలో ఆపరేషన్ చేసి రాడ్లు, స్క్రూలు వేశారు. మాది ఒడిశా కార్డు, అక్కడి ఆరోగ్యశ్రీ మాకు వర్తించదు, అంతా చేతి డబ్బే. ఆపరేషన్ సక్సెస్ అన్నారు. 7 నెలలయ్యింది, నడుం కింద కదలిక లేదు, స్పర్శ లేదు. రిపోర్టులో డి11, ఏషియా ఏ అని ఉంది, అంటే ఛాతీ వెన్నులో 11వ పూస స్థాయిలో దెబ్బ, దాని కింద కదలికా స్పర్శా పూర్తిగా పోయాయని అట. ఇప్పుడు ఒక ప్రైవేటు క్లినిక్ వాళ్లు స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్లు 4 విడతలు, 7 లక్షలు అంటున్నారు. ఎకరంన్నర జీడితోట ఉంది, బేరం వచ్చింది. శుక్రవారం అడ్వాన్సు. తెలిసినవాళ్లు చెప్పండి.

నౌపడా లైన్ (8:52)
అడ్వాన్సు తీసుకోకండి. ముందు ఇంకో డాక్టరుకి చూపించండి.

కాశీనగరం రైతు (9:05)
అమ్మా, చేయించు. తోట మళ్లీ కొనుక్కోవచ్చు. 2011లో చెరకు కొడుతుంటే కత్తి జారి నా మణికట్టు దగ్గర నరం తెగిపోయింది. వేళ్లు పనికిరావు అన్నారు చాలామంది. ఒక డాక్టరు కుట్టారు. ఆరేడు నెలలకి వేలి కొసల్లో జిల్లుమంది, ఏడాదికి చొక్కా గుండీ పెట్టుకున్నాను. నరం పెరుగుతుంది. ఇది నా ఒంటి మీద చూసిన నిజం.

రాయగడ ఫిజియో (9:31)
అక్కా, నేను ఫిజియోథెరపిస్టుని. చేయించవద్దనే నా మాట, ఎందుకో చెప్తాను.

ముందు ఒక తికమక తీర్చుకోవాలి. వెన్నుపూస ఎముక, వెన్నుపాము దాని లోపలి నాడీ తాడు. రాడ్లు ఎముకని నిలబెడతాయి, తాడు మీద ఒత్తిడి తీస్తాయి. ఆపరేషన్ సక్సెస్ అంటే ఆ పని బాగా జరిగిందని. తాడు అతుక్కుందని కాదు. ఈ ముక్క డిశ్చార్జి రోజే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాల్సింది.

పెద్దాయన చెప్పింది నిజమే. చేతి నరం రోజుకి సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. మణికట్టు నుంచి వేలి కొసకి 18 సెంటీమీటర్లు అనుకుంటే 6 నెలలు, సరిగ్గా ఆయనకి పట్టినంత. అక్కడ నరానికి తొడుగు వేసే ష్వాన్ కణాలు తెగిన కొసకి దారి వేస్తాయి. వెన్నుపాములో ఆ కణాలు ఉండవు. అక్కడ తొడుగు వేసే కణాలు వేరే జాతి. వాటి మీదుండే నోగో అనే ప్రొటీన్ పెరగబోయే కొసని ఆపేస్తుంది. పైగా గాయం చుట్టూ మచ్చ కడుతుంది.

కాశీనగరం రైతు (9:44)
నరం నరమే కదా తమ్ముడూ. చేతిలో పెరిగేది వీపులో ఎందుకు పెరగదు?

రాయగడ ఫిజియో (9:58)
అదే చెప్పాను. పెరిగే శక్తి ఉంది, నేల ఒప్పుకోదు. 1981లో కెనడాలో అగ్వాయో అనే శాస్త్రవేత్త బృందం ఎలుకల్లో కాలి నరం ముక్కని వెన్నుపాముకి వంతెనలా పెడితే, పెరగవనుకున్న పోగులే దానిలోకి సెంటీమీటర్ల దూరం పెరిగాయి. అవతల మళ్లీ వెన్నుపాములోకి దిగాక ఎక్కువ దూరం పోలేదు.

కాశీనగరం రైతు (10:03)
చూశారా, పెరిగాయి అంటున్నారు! ఆ అడ్డు ప్రొటీనేదో తీసేస్తే సరి.

రాయగడ ఫిజియో (10:20)
తీయడానికే పాతికేళ్లుగా కష్టపడుతున్నారు. నోగో జన్యువుని 2000లో గుర్తించారు. దాన్ని అడ్డుకునే యాంటీబాడీని ఐరోపాలో మెడ దగ్గర కొత్తగా దెబ్బ తగిలినవాళ్ల మీద పరీక్షించారు, 2024లో ఫలితం వచ్చింది. మొత్తం మీద చూస్తే మందు తీసుకున్నవాళ్లకీ ఉత్త ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంత పెద్ద శాస్త్రవేత్తలు ఆగిన చోట ఈ క్లినిక్ 7 లక్షలకి దాటిస్తానంటే నేనెలా నమ్మను?

అక్కా, ఒక పరీక్ష పెట్టండి. ఐసీఎంఆర్ (వైద్య పరిశోధనలు చూసే కేంద్ర సంస్థ) 2017 మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాముకి స్టెమ్ సెల్స్ ఇవ్వాలంటే అనుమతి ఉన్న పరిశోధన ట్రయల్‌లోనే ఇవ్వాలి. ట్రయల్ అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు అడిగారంటే అది ట్రయల్ కాదు. ఇంకోటి, ముక్కు లోపలి కణాలు వెన్నుపాములో పెట్టించుకున్న ఒక అమ్మాయికి 8 ఏళ్ల తర్వాత అక్కడే గడ్డ తేలింది, లోపల చీమిడిలాంటి ద్రవం. 2014లో వైద్య పత్రికలో వచ్చింది. పనిచేయకపోయినా నష్టమేముంది అనుకోవడానికి లేదు.

గుణుపురం మెడికల్ (10:34)
అసలు సంగతి ఎవరూ అడగడం లేదు. పడ్డాక 8 గంటల్లోపు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేశారా? వేసుంటే ఈపాటికి నడిచేవాడు. మన సరిహద్దు జిల్లాల వాళ్లకి ఎప్పుడూ ఆలస్యమే.

మహేంద్రతనయ (10:41)
వేయలేదు. మేం విశాఖ చేరేసరికి పడి 11 గంటలు దాటింది.

గుణుపురం మెడికల్ (10:43)
అదే చెప్తున్నా. అక్కడే పోయింది.

రాయగడ ఫిజియో (10:55)
అన్నా, దయచేసి ఆ మాట వెనక్కి తీసుకోండి. 8 గంటల లెక్క 1990 నాటి అమెరికా అధ్యయనంలోది. తర్వాత దాన్ని గట్టిగా ప్రశ్నించారు. 2013లో అక్కడి న్యూరో సర్జన్ల సంఘాలే ఆ స్టెరాయిడ్ వాడొద్దని రాశాయి. లాభం రుజువు కాలేదు, ఇన్‌ఫెక్షన్లు, రక్తస్రావం పెరిగాయి. ఆ ఇంజెక్షన్ పడనందువల్ల ఈ అబ్బాయి కాళ్లు పోయాయని ఎవరూ అనలేరు. రాత్రి పూట ఆ ఇంట్లో ఈ మాట చదివేవాళ్లని గుర్తుపెట్టుకోండి.

బరంపురం కోడలు (11:02)
పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క తిప్పుతున్నారా తల్లీ? ముందు అది చూసుకోండి.

కాశీనగరం రైతు (11:15)
ఫిజియో గారూ, మీరు చదువుకున్నవారు. ఒక్కటి చెప్పండి. అది వద్దు, ఇది పనిచేయదు, రుజువు లేదు. మరి ఏటి చెయ్యమంటారు? చూస్తూ కూర్చోమంటారా?

రాయగడ ఫిజియో (11:22)
నేను అలా అనలేదు.

కాశీనగరం రైతు (11:40)
అందరూ అదే అంటారు! మా నాన్న తాటిచెట్టు మీంచి పడ్డాడు. 1994. పెద్దాసుపత్రిలో చూసి 'ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి' అన్నారు. అదీ ఒడియాలో గబగబా చెప్పేశారు, మా అమ్మకి సగమే అర్థమైంది. తీసుకొచ్చాం. నులక మంచం మీద పడుకోబెట్టాం. పక్క తిప్పాలని ఎవరూ చెప్పలేదు. మూత్రం గొట్టం మార్చాలని ఎవరూ చెప్పలేదు. నడుం దగ్గర పుండు నా గుప్పిట పట్టేంత అయ్యింది. 14 నెలలకి పోయాడు. ఆయన్ని చెట్టు చంపలేదు, 'చేసేదేం లేదు' అన్న మాట చంపింది. అందుకే ఎవడైనా ఏదైనా చేస్తానంటే వెళ్లమని చెప్తాను. నాకు మీ ఎలుకలు వద్దు.

రాయగడ ఫిజియో (రాత్రి 12:10)
పెద్దాయన, ఇది మీరు మొదటే చెప్పుంటే నేను ఎలుకల దాకా పోయేవాణ్ణి కాదు. మీ నాన్నగారికి జరిగింది ఘోరం. నేను ఈ వృత్తిలో ఉన్నది అది ఇంకో ఇంట్లో జరగకూడదనే.

ఇదే జిల్లాలో ఒక ఇల్లు నాకు తెలుసు. పొలం అమ్మి ఇంజెక్షన్లు చేయించారు. కాళ్లు రాలేదు. ఏడాది తర్వాత కాథెటర్లు (మూత్రం గొట్టాలు) కొనడానికి డబ్బు లేక పాతదే వాడి, కిడ్నీ దాకా చీము పట్టింది. నేను వద్దంటున్నది ఆ ఇంజెక్షన్‌ని. చెయ్యాల్సినవి బోలెడు. గాలి పరుపు. రోజుకి 4 నుంచి 6 సార్లు తనే గొట్టం పెట్టుకుని మూత్రం తీసుకోవడం నేర్చుకోవాలి, వారంలో వచ్చేస్తుంది. భుజాల బలం. మంచం నుంచి కుర్చీకి తనంతట తను మారడం. డి11 అంటే చేతులు, ఛాతీ పూర్తిగా ఉన్నట్టే, చక్రాల కుర్చీలో స్వతంత్రంగా బతకొచ్చు. కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లో స్వామి వివేకానంద పేరు మీద కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ ఉంది, మన రాష్ట్రంలోనే. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో పునరావాస సంస్థ పెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ గారికి 1954లో కారు ప్రమాదంలో కాళ్లు చచ్చుబడ్డాయి, ఆవిడ చక్రాల కుర్చీలోనే ఆపరేషన్లు చేశారు.

కాశీనగరం రైతు (12:21)
గొట్టం తనే పెట్టుకోవచ్చా? ఆ రోజుల్లో మాకు ఇది ఎవరూ చెప్పలేదు.

మహేంద్రతనయ (12:48)
మీ ఇద్దరికీ దండం. నేనొకటి దాచాను. అంబులెన్స్ రాలేదని నేనే వాణ్ణి ఎత్తించి ఆటోలో కూర్చోబెట్టాను. పలక మీద పడుకోబెట్టాలని నాకు తెలియదు. పాతపట్నం దాకా గతుకుల్లో కూర్చునే వచ్చాడు. ఈ 7 లక్షలు పెట్టకపోతే నాకు నిద్ర పట్టదు. తోట అమ్మితే నేను చేసిన తప్పు తీరుతుందని అనుకున్నాను.

నౌపడా లైన్ (12:53)
అమ్మా, ఎవరైనా అదే చేసేవారు.

మహేంద్రతనయ (ఉదయం 6:30)
అక్క ఫోన్ నుంచి తమ్ముణ్ణి రాస్తున్నాను. రాత్రిదంతా చదివాను. అక్కా, చెట్టు కింద పడి ఉన్నప్పుడు నువ్వు నా కాలికి చెప్పు తొడిగావు. తొడిగినట్టు నాకు తెలియలేదు. అప్పటికి ఆటో రాలేదు. ఇది నీకు ఎప్పుడో చెప్పాల్సింది, నువ్వు అడగలేదు, నాకు నోరు రాలేదు. తోట అమ్మొద్దు.

ఫిజియో గారూ, ఓలట్‌పూర్‌కి ఎంఆర్ఐ ఫిల్ములు తీసుకెళ్లాలా, రిపోర్టు చాలా? మా ఇంట్లో ఎవరికీ ఒడియా సరిగా రాదు.

రాయగడ ఫిజియో (6:52)
రెండూ తీసుకెళ్లండి. డిశ్చార్జి కాగితం, ఆధార్ కూడా. రైల్లో కింది బెర్తు తీసుకోండి, పక్క తిప్పడం మానొద్దు.

కాశీనగరం రైతు (7:05)
నాకు ఒడియా బాగా వచ్చు బాబూ. వరి కోత అయిపోయింది, ఖాళీగానే ఉన్నాను. తేదీ చెప్పండి, నేను కూడా వస్తాను.