పిల్లలకు త్యాగయ్యను ఎట్లా పరిచయం చేశారు?

నల్లగొండ నుంచి ఒక అమ్మ:
మా పాప నాలుగో తరగతి. శ్రీరామనవమి పందిట్లో 'సీతా కళ్యాణ వైభోగమే' విని, ఈ పాట ఎవరు రాశారమ్మా అని అడిగింది. త్యాగరాజు అన్నాను, అంతకుమించి నాకు చెప్పరాలేదు. ఇంటికొచ్చి ఫోన్లో ఆయన పంచరత్న కీర్తనలు, అంటే పేరుపొందిన ఆ ఐదు కీర్తనలు పెడితే ఐదు నిమిషాలకే లేచి ఆడుకోవడానికి పోయింది. మా ఇంట్లో సంగీతం వచ్చినవాళ్లు ఎవరూ లేరు. మీరెట్లా మొదలుపెట్టారు?

మహబూబ్‌నగర్ నుంచి ఒక నాన్న:
అక్కా, పంచరత్నాలు ముందే వద్దు. అవి చాలా పెద్దవి, పైగా మొదటిదైన జగదానందకారక పూర్తిగా సంస్కృతం, పిల్లలకు ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. మావాడికి నేను కథతో మొదలుపెట్టాను. 1767లో తిరువారూరులో పుట్టాడు, తిరువయ్యారులో కావేరి ఒడ్డున బతికాడు, వీధిలో పాడుతూ బియ్యం అడుక్కొని తెచ్చుకునేవాడు అని చెప్పాను. అన్న కోపంతో రాముడి విగ్రహాన్ని కావేరిలో పారేశాడన్న కథ దగ్గర వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి, మళ్లీ దొరికిందా లేదా అని నిద్రపోనివ్వలేదు. తమిళదేశంలో ఉండి తెలుగులో ఎందుకు రాశాడని కూడా అడిగాడు. వాళ్లది తెలుగు కుటుంబం, తంజావూరును అంతకుముందు తెలుగు నాయకరాజులు ఏలారు, తర్వాత వచ్చిన మరాఠా రాజులూ తెలుగును ఆదరించారు అని చెప్పాను.

మిర్యాలగూడ నుంచి:
కథలు సరే, కానీ చేతికి పని ఇవ్వాలి. మా అమ్మాయికి బతుకమ్మ చప్పట్లు బాగా అలవాటు, అందుకే ఆదితాళం తొందరగా వచ్చింది. తొడమీద ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, మళ్లీ దెబ్బ, చెయ్యి తిప్పడం, దెబ్బ, తిప్పడం, అంతే ఎనిమిది. మొదట్లో ఉంగరం వేలు దగ్గర ఆగిపోయేది, వారం రోజులు అన్నం తింటూ కూడా వేళ్లు లెక్కపెట్టింది. ఇప్పుడు ఏ కీర్తన విన్నా ముందు తాళం వెతుకుతుంది.
ఒక్కమాట, పోటీలకోసం మాత్రం నేర్పించకండి. మేము మొదట చేర్పించిన చోట ప్రైజు కోసం ఒకే కీర్తనను మూడు నెలలు బట్టీ కొట్టించారు, పిల్లకు పాటంటేనే టెన్షన్ పట్టుకుంది, దాన్నుంచి బయటికి తేవడానికి ఏడాది పట్టింది.

దేవరకొండ నుంచి, రిటైరైన టీచర్‌ను:
అమ్మా, మన పిల్లలకు రామదాసు ముందే తెలుసు కదా, అక్కడినుంచి రండి. నేలకొండపల్లి గోపన్న, పాల్వంచ తహసీల్దారు, భద్రాచలం గుడి కట్టించి గోల్కొండ చెరలో పడ్డాడు. ఆ బందిఖానా కోటలో ఇప్పటికీ ఉంది, నేను బడిపిల్లల్ని తీసుకెళ్లి చూపించాను, ఆ చీకటి గదిలో నిలబడితే ఎవరూ మాట్లాడలేదు. త్యాగయ్య ఆయన తర్వాతి శతాబ్దంలో పుట్టినవాడు. దేవగాంధారి రాగంలో 'క్షీరసాగర శయన' అని ఒక కీర్తన ఉంది. అందులో గజేంద్రుణ్ని కాపాడింది విన్నానురా, ద్రౌపదికి చీరలిచ్చింది విన్నానురా అంటూ వచ్చి, రామదాసు చెర తీర్చింది కూడా విన్నానురా అంటాడు. పురాణాల పక్కన మన రామదాసును నిలబెట్టాడు! ఈ ఒక్క చరణం కోసమైనా త్యాగయ్యను మన పిల్లలకు వినిపించాలి. ఆ 'విన్నానురా' దగ్గర పిల్లల్ని పలకమనండి, మిగతాది మీరు చదవండి, పాడటం రాకపోయినా ఫరవాలేదు.

నల్లగొండ నుంచి ఒక అమ్మ:
సార్, నిన్న రాత్రి మీరు చెప్పినట్టే చేశాను. నేను చదివాను, తను ప్రతిసారీ 'విన్నానురా' అంది, మూడోసారికి గొంతు పెంచి రాగం తీసింది. రామదాసు పేరు రాగానే ఆగి, "భద్రాచలం రామదాసేనా? అంత దూరంలో ఈయనకెవరు చెప్పారమ్మా?" అంది. పాటలే చెప్పి ఉంటాయి అన్నాను. కాసేపు ఆలోచించి మళ్లీ పెట్టమంది. ఈసారి లేచిపోలేదు. తాళం ఈ ఆదివారం మొదలుపెడతాం.